బిడ్డల మారాం - పెద్దల ఓపిక

(కాణిపాకంలో సంక్షేమ సంఘం వార్షిక సభలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం పెద్దలు మమ్మల్ని పిలిచి, "ఉపకారవేతనాల సంగతి, పెండ్లిళ్లకు సాయం సంగతి ఏటేటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి చిన్నబిడ్డల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. బిడ్డల గురించి ఏం చెప్పమంటారని తల్లులను అడిగితే, ఒక్కటే మాట వచ్చింది. "మొండికేసి కిందపడి దొర్లతారే, అప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి, అది చాలు."

వినడానికి ఇది చిన్న సంగతి. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన ఇండ్లల్లో అయిదేండ్లలోపు బిడ్డలకు పడే దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ ఏడుపు దగ్గరే పడతాయి. "బిడ్డను పెంచడం చేతకాదు" అని కోడలికి పడే మాటలు కూడా ఈ ఏడుపు దగ్గరే పడతాయి. నోరు మూయించబడిన బిడ్డ, రేపు బడిలో దెబ్బ తగిలినా, ఎవరైనా ఏదైనా చెయ్యరాని పని చేసినా, ఇంటికొచ్చి చెప్పుకోడు. కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. అందుకే ఒప్పుకున్నాం.

మారాం అంటే ఏమిటి?

బిడ్డకు ఏడాదిన్నర వచ్చినప్పటినుంచి నాలుగేండ్ల వరకు ఈ మారాం కాలం. అంతకు ముందు బిడ్డకు ఆకలి, నిద్ర, నొప్పి అంతే. ఏడాదిన్నరకు నడక వస్తుంది, చెయ్యి అందుతుంది, "నాకు కావాలి", "నేనే చేస్తా" అనే బుద్ధి పుడుతుంది. కోరికలు గుర్రమంత వేగంగా వస్తాయి. మాటలు మాత్రం నత్తనడకన వస్తాయి. చొక్కా తనే వేసుకోవాలని ఉంటుంది, చెయ్యి దూరదు. బొరుగుల పొట్లం తనే విప్పాలని ఉంటుంది, చినిగి నేలపాలవుతుంది. ఆ ఉక్రోషాన్ని చెప్పుకోవడానికి మాట లేదు. ఒళ్లే మాట్లాడుతుంది. కాళ్లు తన్నుకుంటుంది, తల నేలకేసి కొడుతుంది, విసిరికొడుతుంది.

ఇంకొక సంగతి. మనిషి మెదడులో నుదుటి వెనక ఉండే భాగమే "ఆగు, కాసేపు ఓర్చుకో" అని చెప్పే భాగం. అన్నిటికన్నా నిదానంగా పండేది అదే. ఇరవై ఏండ్లు దాటినా దానికి ఇంకా పక్వం వస్తూనే ఉంటుందని డాక్టర్లు చెప్తారు. మూడేండ్ల బిడ్డ దగ్గర అది ఇంకా పిందె. పిందెను పట్టుకొని "తియ్యగా ఎందుకు లేవు" అని అడగడం మామిడి తోటల ఈ చిత్తూరు సీమలో ఎవరూ చెయ్యరు కదా! కాబట్టి బిడ్డ మనల్ని సాధించడానికి ఏడుస్తుందనే మాట ముందుగా మనసులోంచి తీసెయ్యాలి. బిడ్డ మనల్ని కష్టపెట్టడం లేదు, తానే కష్టపడుతూ ఉంది.

మనం నిలబడిన ఈ ఊరి స్థలపురాణం మీకందరికీ తెలిసిందే. ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఒక కాణి నేల సేద్యం చేసుకుంటూ, నీళ్లు చాలక బావి తవ్వారు. తరువాతి మహిమ సంగతి భక్తులకు వదిలిపెడదాం. మాకు మాత్రం ఆ ముందుమాట ఎప్పుడూ మనసులో మెదులుతుంది. ఒకరికి లేనిది ఇంకొకరు ఇచ్చుకుంటేనే కదా ఆ ముగ్గురూ సేద్యం చేసింది! కనబడనివాడికి కండ్లున్నవాడు దారి చూపాలి, మాట రానివాడి బదులు మాట వచ్చినవాడు అడగాలి. మన ఇంట్లో మూడేండ్ల బిడ్డకు గుండెలో అన్నీ ఉన్నాయి, నోట మాట లేదు. ఆ మాట మనం అరువివ్వాలి.

ముందు ఆకలి చూడండి

1931లో అమెరికాలో ఫ్లోరెన్స్ గుడినఫ్ అనే విదుషీమణి చిన్నబిడ్డల కోపం మీద ఒక పుస్తకం వేసింది. 45 మంది బిడ్డల తల్లులచేత దినచర్యలాగా రాయించింది. బిడ్డకు ఎప్పుడు కోపం వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏం చేశారు అని. మొత్తం 1,878 కోపాలు లెక్కకొచ్చాయి. అందులో తేలినదేమిటంటే, అన్నం వేళకు ముందు, నిద్ర వేళకు ముందు, ఒళ్లు బాగాలేనప్పుడు కోపాలు ఎక్కువ. తొంభై ఏండ్లు దాటింది, ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉంది.

ఇది చదువుకున్నవాళ్లకే తెలిసే విద్య కాదు. మన బాహుదా నది పేరు వెనక కథ చూడండి. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు. ఆకలికి ఆగలేక తమ్ముడు తోటలో పండు కోసుకుని తిన్నాడు. అన్న రాజు దగ్గరికి పంపాడు. రాజు చేతులు నరికించాడు. ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయని, అందుకే బాహుదా అయిందని చెప్తారు. కథలో నదికి ఆ శక్తి ఉంది. మన ఇంట్లో ఆకలితో ఏడ్చిన బిడ్డ చేతిమీద పెట్టిన వాతను మాన్పే నది ఎక్కడా లేదు. అందుకని తప్పును చూసే ముందు ఆకలిని చూడాలి.

సాయంత్రం అయిదుకు బిడ్డ ఊరికే గింజుకుంటూ ఉంటే, ఏమీ అడక్కుండా ఒక అరటిపండో, గిన్నెడు రాగి జావో పెట్టి చూడండి. సగం మారాం అక్కడే ఆగిపోతుంది. నిద్ర సంగతి కూడా అంతే. ఒకటి, రెండేండ్ల బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేండ్ల బిడ్డకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదే చోట, రెండేండ్లలోపు బిడ్డకు సెల్‌ఫోను, టీవీ బొమ్మలు అసలు వద్దని, ఆపైన నాలుగేండ్ల వరకు రోజుకు గంటకు మించవద్దని కూడా చెప్పింది. అన్నం తినడానికి ఫోను, ఏడుపు ఆపడానికి ఫోను, మనకు పని కావడానికి ఫోను. తీరా ఫోను లాక్కున్నప్పుడు వచ్చే మారాం అన్నిటికన్నా పెద్దది. మందే జబ్బయిన లెక్క ఇది.

ఇంకొకటి, రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేండ్లలోపు బిడ్డలు 100కి 63 మంది రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. నెత్తురు తక్కువైన బిడ్డ ఊరికే విసుక్కుంటుంది, ఊరికే ఏడుస్తుంది. "ఈ బిడ్డ పుట్టుకే చిరాకు" అనుకునే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఇనుము మందు నోట్లో పడితే స్వభావమే మారినట్టు కనిపించే బిడ్డలున్నారు.

గుక్క పట్టినప్పుడు

కొందరు బిడ్డలు ఏడ్చి ఏడ్చి గుక్క తిప్పుకోరు. పెదాలు నీలంగా మారతాయి, ఒళ్లు వదిలేస్తారు. తల్లి ప్రాణం అక్కడే పోతుంది. ఇది ఆరు నెలలనుంచి ఆరేండ్ల లోపు బిడ్డల్లో కనిపిస్తుంది. బిడ్డ కావాలని చేసేది కాదు. చాలావరకు నిమిషంలోపే తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల దేనికీ తగలకుండా చూడండి. నోట్లో నీళ్లు పోయకూడదు, గట్టిగా ఊపకూడదు, చెంపమీద కొట్టకూడదు. మొదటిసారి ఇలా అయితే తప్పకుండా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే నెత్తురులో ఇనుము తక్కువైనా ఇలా వస్తుంది, వేరే జబ్బులు కూడా ఇలా కనిపించవచ్చు. నిమిషం దాటినా తెలివి రాకపోతే ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి. ఇక వాతలు పెట్టడం అనే పాత అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, దాన్ని ఈ సభలోనే వదిలిపెట్టి పోదాం. కాలిన మచ్చ తప్ప దానివల్ల వచ్చేదేమీ లేదు.

ఏడుపు మధ్యలో ఏం చెయ్యాలి?

చాలా మారాములు అయిదు నిమిషాల్లోపే అయిపోతాయి. ఆ అయిదు నిమిషాలు మనకు గంటలాగా అనిపిస్తాయి, నలుగురూ చూస్తూ ఉంటారు కాబట్టి. నిజానికి అంగట్లో బిడ్డ ఏడుస్తుంటే మనం బిడ్డకోసం కొట్టం, చూసేవాళ్లకోసం కొడతాం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే చెయ్యి లేవదు.

అప్పుడు చెయ్యాల్సినవి కొద్దే. బిడ్డకు దెబ్బ తగలకుండా రాళ్లు, మెట్లు, పొయ్యి దగ్గర్నుంచి తప్పించాలి. మనం కింద కూర్చోవాలి. నిలబడి చూస్తే మనం ఆ బిడ్డకు తాటిచెట్టంత కనిపిస్తాం. గొంతు తగ్గించాలి. బిడ్డ అరిచినంత గట్టిగా మనం అరిస్తే ఇద్దరు బిడ్డలు ఏడ్చినట్టవుతుంది. ఆ సమయంలో నీతులు చెప్పకూడదు, ప్రశ్నలు వెయ్యకూడదు. వరద వచ్చినప్పుడు ఏటిలో గట్టు కట్టం కదా! "నేను ఇక్కడే ఉన్నా" అని రెండు మాటలు అని ఊరుకోవాలి. కొందరు బిడ్డలకు ఎత్తుకుంటే తగ్గుతుంది, కొందరికి ముట్టుకుంటే ఎక్కువవుతుంది. తన బిడ్డ ఏ రకమో తల్లికే తెలుసు.

కొడితే, కొరికితే మాత్రం ఊరుకోకూడదు. ఆ చెయ్యి పట్టుకొని, "కొట్టకూడదు. నీకు కోపం వచ్చింది, నోటితో చెప్పు" అని ఒక్క మాట. తిరిగి కొడితే, "పెద్దయినాక కొట్టవచ్చు" అని నేర్పినట్టే.

2011లో అమెరికాలో జేమ్స్ గ్రీన్, మైకేల్ పోటెగల్ అనే పరిశోధకులు, తోటివారితో కలిసి, బిడ్డల చొక్కాల్లో చిన్న మైకులు కుట్టించి మారాం శబ్దాలు రికార్డు చేసి పరిశీలించారు. అరుపులు, కేకలు కోపానివి. ఏడుపు, మూలుగు దుఃఖానివి. ముందు కోపం, తరువాత దుఃఖం అని కాకుండా, రెండూ కలిసే ఉంటాయని వాళ్లకు కనబడింది. కోపం ఎగసి త్వరగా దిగిపోతుంది. దుఃఖం అడుగున ఉండనే ఉంటుంది. అందుకే కేకలు ఆగిన వెంటనే బిడ్డ ఒళ్లోకి వస్తుంది. ఆ ఒళ్లోకి వచ్చిన బిడ్డను "ఇప్పుడెందుకు వచ్చావు, పో" అని నెట్టేవాళ్లున్నారు. దయచేసి అట్లా చెయ్యవద్దు. నీళ్లు తాగించి, ముఖం తుడిచి, దగ్గర కూర్చోబెట్టుకోండి. చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే అప్పుడు చెప్పండి, అప్పుడే తలకెక్కుతుంది.

సత్యప్రమాణాల ఊళ్లో అబద్ధపు మాటలు

ఈ ఊరు ప్రమాణాలకు పేరుపడింది. పెద్ద పెద్దవాళ్లు కూడా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని సవాలు చేసుకుంటారు. అటువంటి ఊళ్లో, బిడ్డ ఏడుపు ఆపడానికి మనం రోజుకు ఎన్ని అబద్ధాలు ఆడతామో లెక్కపెట్టుకోవాలి. "రేపు కొనిస్తా." రేపు రాదు. "బూచోడు పట్టుకుపోతాడు." బూచోడు లేడు. "డాక్టరమ్మతో సూది వేయిస్తా." తరువాత నిజంగా జ్వరం వచ్చిన రోజు ఆ డాక్టరమ్మను చూసి బిడ్డ వణికిపోతుంది. "పోలీసుకు పట్టిస్తా." తిరునాళ్లలో తప్పిపోతే బిడ్డ వెళ్లాల్సింది ఆ పోలీసు దగ్గరికే కదా! బెదిరింపుతో ఏడుపు ఆగుతుంది, నిజమే. ఏడుపు ఆగిన చోట భయం మిగులుతుంది. మన మాటమీద నమ్మకం పోతుంది.

వినాయక చవితి మొదలు 21 రోజులు ఇక్కడ బ్రహ్మోత్సవాలు. ఆ రోజుల్లో ఈ వీధుల్లో బుడగలు, పీకెలు, కీ ఇచ్చే బొమ్మలు, రంగుల కళ్లజోళ్లు. మనవాళ్లే ఎందరో ఆ అంగళ్లు పెడతారు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని అమ్మే తల్లికి ఒక రకం అగ్నిపరీక్ష, బిడ్డను తీసుకొని చూడడానికి వచ్చిన తల్లికి ఇంకో రకం. మేము చెప్పే ఉపాయం ఒకటే. బస్సు దిగకముందే చెప్పండి. "ఈరోజు ఒక్కటే కొంటాం. బుడగైనా సరే, పీకె అయినా సరే. నువ్వే ఎంచుకో." తరువాత ఆ ఒక్కటి తప్పకుండా కొనివ్వండి, రెండోది ఎంత ఏడ్చినా కొనవద్దు. తొమ్మిదిసార్లు వద్దని, పదోసారి తట్టుకోలేక కొనిస్తే బిడ్డ నేర్చుకునే పాఠం ఏమిటి? "పదిసార్లు ఏడవాలి" అని. దానికి తప్పు బిడ్డది కాదు, పాఠం చెప్పిన మనది. వద్దు అనేదైతే మొదటే అనాలి, ఇచ్చేదైతే ఏడవకముందే ఇవ్వాలి.

బిడ్డకు ఎంచుకునే హక్కు ఇవ్వడం చాలా మేలు చేస్తుంది. "స్నానం చేస్తావా, లేదా?" అంటే "లేదు" అంటుంది. "ముందు స్నానమా, ముందు పాలా?" అంటే ఏదో ఒకటి చెప్తుంది. రోజంతా పెద్దల ఇష్టప్రకారం నడిచే బిడ్డకు, ఈ చిన్న చిన్న ఎంపికలే తన రాజ్యం.

మాట నేర్పడమే మందు

ఇప్పుడు అసలు సంగతి. కోపం రాకుండా చెయ్యడం మన పని కాదు, అది ఎవరివల్లా కాదు. వచ్చిన కోపాన్ని చెప్పుకోవడం నేర్పడం మన పని. బిడ్డకు రంగుల పేర్లు నేర్పుతాం, పండ్ల పేర్లు నేర్పుతాం. లోపలి సంగతులకు పేర్లు మాత్రం నేర్పం.

మన తెలుగులో ఈ పేర్లకు కరువు లేదు. కోపం, ఉక్రోషం, అలక, విసుగు, సిగ్గు, దిగులు, బెంగ, అసూయ, చిన్నబుచ్చుకోవడం. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం. మన ఇండ్లల్లో ఇంకో సంపద కూడా ఉంది. ఇంట్లో మన దక్కనీ, వీధిలో తెలుగు. అమ్మీ దగ్గర గుస్సా, డర్, నారాజ్, రూఠ్‌నా. అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర కోపం, భయం, అలక. కొందరు ఇది బిడ్డకు భారమనుకుంటారు. భారం కాదు. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. ఇంట్లో "గుస్సా ఆయా" అని చెప్పుకోగలిగిన బిడ్డకు బడిలో ఆ మాట అర్థమయ్యేవాళ్లు లేకపోతే, అక్కడ మళ్లీ మూగబిడ్డ అయిపోయి కొరుకుతుంది, నెడుతుంది. "ఈ బిడ్డ మహా మొండి" అని పేరు పడుతుంది. అందుకని బడికి పంపే ముందే "కోపం వచ్చింది", "భయమేస్తా ఉంది", "నాకు ఒంటేలుకొస్తా ఉంది", "వాడు కొట్టినాడు" అనే నాలుగైదు మాటలు తెలుగులో కూడా నేర్పించండి. టీచరమ్మకు మీ ఇంటి మాటలు నాలుగు చెప్పి రండి. ఆమెకు కూడా సులువవుతుంది.

పేరు పెట్టడం ఎట్లా అంటే, బిడ్డ మనసులో ఏముందో మనమే ముందు పలకాలి. "తమ్ముణ్ణి ఎత్తుకున్నానని నీకు కష్టంగా ఉంది కదూ!" "బుడగ పగిలిపోయింది, ఏడుపు వస్తా ఉంది కదూ!" బిడ్డ తల ఊపుతుంది. ఆ తల ఊపడంలో సగం బరువు దిగిపోతుంది. పెద్దవాళ్లమీద జరిగిన పరీక్షల్లో కూడా, తన మనసులో రేగినదానికి పేరు పెట్టిన మనిషి మెదడులో ఆ అలజడి తగ్గినట్టు 2007లో కాలిఫోర్నియాలో కొందరు శాస్త్రజ్ఞులు చూపించారు. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. "నీకు ఇంకొకటి కావాలని ఉంది, నాకు తెలుసు. ఈరోజు కొనం." ఈ రెండు వాక్యాలూ ఒకే నోట, ఒకే గొంతుతో రావాలి.

ఇంకొక ముచ్చట. పెండ్లిలో అల్లుడికి అలకపాన్పు వేసే ఆచారం మన పక్కింట్లో చూస్తూనే ఉన్నాం. పాతికేండ్ల మగవాడు ముఖం ముడుచుకొని కూర్చుంటే, ఉంగరమో, గడియారమో ఇచ్చి బుజ్జగిస్తారు. అంత పెద్దవాడి అలకను పండుగ చేసుకునే మనం, మూడేండ్ల బిడ్డ అలిగితే వీపు చిట్లగొట్టడం ఏం న్యాయం? ఇంట్లో ఒక మూల చాప, దిండు వేసి, "అలిగితే ఇక్కడ కూర్చో, తగ్గినాక రా" అని చెప్పండి. అది శిక్ష కాకూడదు, విశ్రాంతి కావాలి. కావాలంటే మనం కూడా పక్కన కూర్చోవచ్చు.

మగపిల్లాడు, ఆడపిల్ల

"మగపిల్లాడివి, ఏడుస్తావా?" అంటాం. "ఆడపిల్లకు అంత కోపమా?" అంటాం. ఈ రెండు మాటలతో మగబిడ్డ దగ్గర ఏడుపును, ఆడబిడ్డ దగ్గర కోపాన్ని లాగేసుకుంటాం. ఏడుపు పోయిన మగబిడ్డకు దుఃఖం వచ్చినా కోపంగానే బయటికొస్తుంది. పెద్దయినాక ఆ కోపం ఎవరిమీద పడుతుందో ఇక్కడున్న ఆడవాళ్లకు మేము చెప్పాల్సిన పనిలేదు. కోపం పోయిన ఆడబిడ్డ, తనకు అన్యాయం జరిగినప్పుడు కూడా "వద్దు" అనలేదు. ఇద్దరికీ రెండూ ఉండాలి.

దూరదేశంలో ఉన్న తండ్రి

మన సీమలో ఎన్నో ఇండ్లల్లో తండ్రి కువైట్‌లోనో, సౌదీలోనో, ఖతార్‌లోనో ఉంటాడు. బిడ్డకు తండ్రి అంటే ఫోనులో కనిపించే ముఖం. వీడియోలో అరగంట నవ్విన బిడ్డ, ఫోను పెట్టగానే అన్నం గిన్నె తన్నేస్తుంది. "ఇంతసేపు బాగానే ఉందే, ఇప్పుడేం వచ్చింది?" అని తల్లి విసుక్కుంటుంది. వచ్చింది బెంగ. కోపం వేషంలో వచ్చింది. అప్పుడు "అబ్బా మీద బెంగగా ఉందా? నాకూ ఉంది" అని ఒక మాట అంటే చాలు. ఫోను పెట్టిన వెంటనే బిడ్డతో కలిసి చేసే పని ఒకటి పెట్టుకోండి. చెట్టుకు నీళ్లు పొయ్యడమో, అబ్బాకు చూపించడానికి బొమ్మ గీయడమో. వచ్చే నెలలు, ఏండ్లు బిడ్డకు అర్థం కావు. "మళ్లీ శుక్రవారం మాట్లాడతాడు" అంటే అర్థమవుతుంది. అట్లా చెప్పినప్పుడు ఆ శుక్రవారం తండ్రి తప్పకూడదు. ఇక "అబ్బాకు చెప్తా, వచ్చినాక చూడు" అని తండ్రిని బెత్తంలాగా వాడవద్దు. రెండేండ్లకొకసారి వచ్చే మనిషిని బిడ్డ ప్రేమతో ఎదురుచూడాలి గానీ భయంతో కాదు.

మామిడి కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీ పనులకు పోయే తల్లులున్నారు. రాత్రి ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమై ఉంటుంది. రోజంతా నానీ దగ్గర బుద్ధిగా ఉన్న బిడ్డ, తల్లిని చూడగానే మారాం మొదలుపెడుతుంది. "నన్ను చూస్తేనే ఏడుస్తుంది" అని తల్లి బాధపడుతుంది. ఆ బాధ వద్దమ్మా. పగలంతా దాచుకున్నదాన్ని బిడ్డ నమ్మకమున్న మనిషి దగ్గరే విప్పుతుంది. గిన్నెలు పది నిమిషాలు ఆగుతాయి. ముందు ఆ పది నిమిషాలు బిడ్డను ఒళ్లో పెట్టుకోండి.

పెద్దల కోపం

బిడ్డ మన మాటలు వినదు, మనల్ని చూస్తుంది. మనకు కోపం వస్తే మనం ఏం చేస్తామో అదే చేస్తుంది. కోపం వచ్చినవారు నిలబడి ఉంటే కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అని మన హదీసుల్లో ఉన్నది అందరూ విన్నదే. అది బిడ్డలకు చెప్పింది కాదు, పెద్దలకు చెప్పింది. చెయ్యి లేస్తుందనిపించినప్పుడు, బిడ్డను ఇంకొకరి చేతికిచ్చి, బయటికొచ్చి నీళ్లు తాగండి. "నాకు కోపం వచ్చింది, కాసేపు ఆగి మాట్లాడతా" అని బిడ్డ ఎదుటే చెప్పండి. అంతకన్నా మంచి పాఠం లేదు.

తండ్రులు ఇది ఆడవాళ్ల పని అనుకోవద్దు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన వకీలు వృత్తి విడిచిపెట్టి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టాడు. బెత్తం లేకుండా, కథలతో, ఆటలతో చదువు చెప్పి చూపించాడు. పిల్లలమీద ఆయనకున్న ప్రేమకు జనం ఆయనను "మీసాల అమ్మ" అని పిలుచుకున్నారు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు కూడా, భయం ఉన్నచోట తెలివి వికసించదని జీవితమంతా చెప్పారు. ఆ ఊరి దగ్గరి రిషీవ్యాలీ బడి ఆయన ఆలోచనలతో నడుస్తున్నదే. మన చట్టం కూడా ఆ మాటే అంటున్నది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం బడిలో బిడ్డను కొట్టడం, మానసికంగా హింసించడం నిషేధం. బడిలో టీచరు కొట్టకూడదని మనం నిలదీస్తాం. ఇంట్లో మనం ఆగకపోతే ఆ నిలదీసే నోరు మనకెక్కడిది?

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి?

అన్ని ఏడుపులూ వయసుతో పోయేవి కావు. రెండేండ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే, వచ్చిన మాటలు పోతే, పిలిస్తే పలకకపోతే, రోజూ తనను తాను గాయపరచుకుంటే, ఏడుపు అరగంటైనా ఆగకపోతే, అయిదేండ్లు దాటినా తరచూ ఇదే తంతుగా ఉంటే చూపించాలి. ముందు చెవి పరీక్ష చేయించాలి. వినబడక మాట రాని బిడ్డలను మొండిబిడ్డలని కొట్టిన ఇండ్లున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో డాక్టర్లు వచ్చి బిడ్డలను ఉచితంగా పరీక్షిస్తారు. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి. అంగన్‌వాడీలు నడిచే పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. గుడ్డు, పాలు ఇచ్చే చోటుగానే దాన్ని చూడవద్దు. బిడ్డ నలుగురితో కలవడం, వంతుకోసం ఆగడం నేర్చుకునే మొదటి చోటు అదే.

తల్లికే మనసు బాగుండకపోతే, ఏడుపు తన్నుకొస్తుంటే, బిడ్డను ముట్టుకోవాలనే అనిపించకపోతే, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. 14416కి ఫోను చేస్తే టెలి మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. అత్తగార్లు, నానీలు, దాదీలు ఈ అంకె గోడమీద రాసి పెట్టండి.

సంఘానికి మా మనవి

చివరగా రెండు మనవులు. మన సభలకు, పెండ్లిళ్లకు వచ్చే తల్లులు బిడ్డ ఏడిస్తే సిగ్గుపడి బయటికి వెళ్లి ఎండలో నిలబడుతున్నారు. ఇకమీదట ప్రతి సభలోనూ ఒక పక్క చాప, కుండలో మంచినీళ్లు, కొన్ని కొయ్య బొమ్మలు పెట్టించండి. తిరునాళ్ల రోజుల్లో అంగళ్లు పెట్టుకున్న తల్లుల బిడ్డలకోసం, మధ్యాహ్నం పూట పడుకోవడానికి నీడ ఉన్న చోటొకటి చూపించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్లు వంతులవారీగా కూర్చుంటే చాలు. ఉపకారవేతనం ఇచ్చి పదో తరగతి బిడ్డను నిలబెడుతున్నాం. మూడేండ్ల బిడ్డకు ఇంత నీడ ఇవ్వలేమా?

రెండోది, ఎవరి బిడ్డయినా వీధిలో ఏడుస్తుంటే ఆ తల్లివైపు వింతగా చూడకండి. చేతిలో సంచి అందుకోండి, చంటిదాన్ని ఎత్తుకోండి, "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా" అనండి. ఆ మాటతో ఆ తల్లి లేచిన చెయ్యి దించుతుంది.